నిండు చెరువు, కొత్త కర్ర

కొత్త గాలపు కర్రను మొదటిసారి ఏ నీటి మీద వెయ్యాలి? ఇంగ్లండులో గాలం వేసేవాళ్లు దీన్ని చిన్న ప్రశ్నగా తీసుకోరు. అందులోనూ అది 17 అడుగుల కర్ర అయితే మరీ ఆలోచిస్తారు. అక్కడ బెండు కట్టి చేప పట్టేవాళ్ల చేతిలో మామూలుగా ఉండేది 13 అడుగుల కర్ర. దానికి మరో నాలుగడుగులు కలిస్తే బరువు మారుతుంది, గాలికి ఊగే తీరు మారుతుంది, చేప లాగినప్పుడు మణికట్టు మీద పడే భారం మారుతుంది. ఇంత పొడవు కర్రలు ఎక్కువగా పారే నీటి కోసం తయారైనవి కనుక దాన్ని నేరుగా ట్రెంట్ నది గట్టుకో వై నది గట్టుకో పట్టుకెళ్లాలని కొందరి వాదన. చేపలు పోసి పెంచిన చెరువులో పరీక్ష అసలు పరీక్షే కాదని, అక్కడ చీపురుపుల్లకు దారం కట్టి వేసినా ఏదో ఒకటి తగులుతుందని వాళ్లు అంటారు. నా అభిప్రాయం దీనికి పూర్తిగా ఎదురు. చేప తగలడం ఖాయమైన చోటే కొత్త కర్ర గుణం బయటపడుతుంది. నది దగ్గరికి దాన్ని తర్వాత తీసుకెళ్లవచ్చు, తీసుకెళ్లాలి కూడా. మొదటి రోజు మాత్రం నిండు చెరువుకే ఇవ్వాలి.

ఆ చెరువులు ఎలాంటివో ముందు చెప్పుకోవాలి. గడిచిన కొన్ని దశాబ్దాల్లో ఇంగ్లండు పల్లెల్లో చాలామంది రైతులు పొలంలో కొంత తవ్వి నీళ్లు నింపి, కార్ప్, టెంచ్, బ్రీమ్, రోచ్ లాంటి చేపలు పోసి, రోజుకింత అని టికెట్టు పెట్టారు. కార్న్‌వాల్‌లోని వైట్ ఏకర్స్ లాంటి చోట్ల ఒకే ఆవరణలో అనేక చెరువులుంటాయి. సెలవుల్లో కుటుంబాలతో సహా వచ్చి అక్కడే బస చేస్తారు. కార్ప్ మనకు తెలియని చేప కాదు. మన చేపల చెరువుల వాళ్లు బంగారు తీగ అనేది దాన్నే. తేడా అంతా బేరంలో ఉంది. కొల్లేరు చుట్టుపక్కల రైతు చేపను కిలోల లెక్కన అమ్ముతాడు. ఇంగ్లండు చెరువు యజమాని అమ్మేది చేపను పట్టే అవకాశాన్ని. పట్టిన చేప మళ్లీ నీళ్లలోకే పోవాలి, రేపు ఇంకొకరి గాలానికి తగలాలి. అందుకే గట్టు మీద నిబంధనల బోర్డు ఉంటుంది: కొక్కేనికి ఎదురుముల్లు ఉండకూడదు, పట్టిన చేపను వట్టి నేల మీద పెట్టకూడదు, మెత్తటి చాప మీదే ఉంచి కొక్కెం తియ్యాలి. కూర్చోవడానికి నీటి అంచున నంబర్లు వేసిన చెక్క వేదికలుంటాయి. ఏ వేదిక ముందు లోతు ఎంత, చేప ఏ వేళ గట్టు దగ్గరికి వస్తుంది అన్నది రోజూ వచ్చేవాళ్లకు కంఠతా వచ్చు. పరీక్షకు కావలసింది ఈ తెలిసినతనమే.

ఇక పొడవు విషయం. పొడవు వల్ల ఏమొస్తుందో తెలియకపోతే ఏం పరీక్షించాలో కూడా తెలియదు. బెండు వేసేవాడికి మొదటి శత్రువు గాలి. కర్ర కొసకూ బెండుకూ మధ్య నీటి మీద పడుకున్న దారాన్ని గాలి విల్లులా వంచుతుంది, ఆ వంపు బెండును మెల్లగా పక్కకు ఈడుస్తుంది. బెండు కదిలితే కింద ఎర కూడా కదులుతుంది. అడుగున నిలకడగా ఉండాల్సిన గింజ బురద మీద పాకుతూ పోతుంటే పెద్ద చేప దాన్ని అనుమానిస్తుంది. కర్ర పొడుగైతే గట్టు నుంచి 15 అడుగుల దూరంలో ఉన్న బెండుకు సరిగ్గా నెత్తిన కొస నిలబెట్టవచ్చు, దారాన్ని నీటికి తగలకుండా ఎత్తి పట్టవచ్చు. అప్పుడు గాలికి పట్టు దొరకదు. గట్టు వెంబడి తుంగ పెరిగిన చోట ఆ తుంగ దాటి అవతల నీళ్లలో బెండును నిలువుగా దించవచ్చు. చేప ఎర అందుకున్నప్పుడు మణికట్టు అదే కోణంలో తిప్పినా, 13 అడుగుల కర్ర కొస కంటే 17 అడుగుల కర్ర కొస దాదాపు మూడో వంతు ఎక్కువ దూరం కదులుతుంది. వదులుగా ఉన్న దారమంతా ఒక్క ఊపులో బిగుసుకుంటుంది. లోతు సంగతి కూడా ఉంది. దారానికి బిగించిన బెండు కర్ర కొసన ఉన్న రింగు దగ్గరికి రాగానే ఆగిపోతుంది. నీటి లోతు కర్ర పొడవును మించితే, దారం చుట్టినంత చుట్టినా చేప ఇంకా చేతికి అందని లోతులోనే వేలాడుతుంది. కనుక బిగించిన బెండుతో ఎంత లోతులో పట్టగలమన్నది కర్ర పొడవును బట్టే ఉంటుంది.

ఇన్ని లాభాలుంటే అందరూ పొడుగు కర్రలే ఎందుకు కొనరు? దీనికి లెక్క ఉంది. ఒకే మందం ఉన్న కడ్డీ కొసకు ఒకే బరువు వేలాడదీస్తే, అది వంగే మేర పొడవు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 13 నుంచి 17కు పోతే పొడవు మూడో వంతు కూడా పెరగదు, వంపు మాత్రం రెండింతలు దాటుతుంది. సొంత బరువుకు వాలిపోవడం దాదాపు మూడింతలవుతుంది. నిజమైన కర్ర మొదట లావుగా, కొసన సన్నగా ఉంటుంది కనుక ఈ లెక్క అచ్చుగుద్దినట్టు వర్తించదు. అయినా తయారుచేసేవాడికి ఎదురయ్యే కష్టం ఇదే. లావు పెంచితే బరువు, తగ్గిస్తే వాలు. పూర్వం ఈ కష్టాన్ని భుజబలంతోనే మోశారు. ఐజాక్ వాల్టన్ గాలం పుస్తకానికి 1676లో చార్లెస్ కాటన్ చేర్చిన భాగంలో ట్రౌట్ చేపల నదికి ఐదారు గజాల కర్ర సరిపోతుందని ఉంది. అంటే 15 నుంచి 18 అడుగులు, అంతా చెక్కే. తర్వాత వెదురును బద్దలుగా చీల్చి అతికించిన కర్రలు వచ్చాయి. 19వ శతాబ్దంలో ఆ పనికి వాడిన వెదురు మన దేశం నుంచి వెళ్లిందే. కర్రల పనివాళ్లు దాన్ని కలకత్తా వెదురు అనే పిలిచేవాళ్లు. 20వ శతాబ్దం మొదట్లో చైనా నుంచి వచ్చిన టాంకిన్ వెదురు దాని చోటు తీసుకుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గాజుపీచు కర్రలు వచ్చాయి. 1960ల్లో ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో విమానాల కోసం రూపొందిన కార్బన్ పీచు 1970ల్లో గాలపు కర్రల్లోకి దిగింది. బిగువైన, తేలికైన 17 అడుగుల కర్రను గంటల తరబడి ఒంటిచేత్తో పట్టుకోవడం కుదిరింది ఆ తర్వాతే. ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పకుండా ముందుకు పోలేను. కార్బన్‌లో కరెంటు పారుతుంది. పొడుగు కర్ర కొస తీగలకు తగిలి, తగలకుండా దగ్గరికి వెళ్లినా సరే, ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. పైన కరెంటు తీగలుంటే అక్కడి నుంచి కనీసం 30 మీటర్లు దూరం జరగాలని బ్రిటన్‌లో గాలం వేసేవాళ్లకు చెబుతారు. చెరువు గట్ల మీద నడిచే మనవాళ్లకూ ఈ మాట పనికొస్తుంది.

ఇప్పుడు అసలు వాదన. ఒక పనిముట్టును తెలుసుకోవాలంటే దానితో ఒకే పని పదే పదే చెయ్యాలి, ఆ పనిలో మిగతావన్నీ మారకుండా ఉండాలి. నది ఈ రెండింటినీ ఇవ్వదు. నిన్నటి వానకు నీరు పెరిగి ఉండవచ్చు, రంగు మారి ఉండవచ్చు, చేపలు ఎగువకు పోయి ఉండవచ్చు. రోజంతా కూర్చుంటే బెండు మూడుసార్లు మునగవచ్చు, ఒక్కసారీ మునగకపోవచ్చు. అలాంటి రోజు సాయంత్రం కొత్త కర్ర గురించి ఏం చెప్పగలం? చేప తప్పిపోతే తప్పు కర్రదా, చేతిదా, నీటిదా? తేల్చడానికి ఆధారమే ఉండదు. నిండు చెరువులో బెండు ముప్పై నలభై సార్లు మునుగుతుంది. మొదటి ఐదారు చేపల వరకు చెయ్యి పాత కర్ర అలవాటులోనే ఉంటుంది. ఊపు ఎక్కువై కొక్కెం ఊడుతుంది, లేదా కొస ఆలస్యంగా కదిలి ఎర పోతుంది. పదో చేపకు చెయ్యి సర్దుకుంటుంది. పదిహేనో చేప నుంచి కనిపించేదంతా కర్ర గుణమే. తడిసిన దారం కర్రకు అంటుకుంటోందా, రింగులు దాన్ని ఎత్తి పెడుతున్నాయా అన్నది అప్పుడు తెలుస్తుంది. చేప గట్టిగా లాగినప్పుడు వంపు కొస నుంచి నడుముకు, నడుము నుంచి మొదటికి మెల్లగా దిగుతోందా, మధ్యలో ఒకచోట మొండిగా ఆగుతోందా అన్నదీ తెలుస్తుంది. మూడు ముక్కలు కలిసే అతుకుల దగ్గర రోజు గడిచేకొద్దీ మెలి తిరిగి రింగులు వరుస తప్పితే అదీ చేతికి తెలుస్తుంది. దుకాణంలో కర్రను రెండుసార్లు గాలిలో ఊపి చూస్తే వీటిలో ఏ ఒక్కటీ తెలియదు.

వీటిలో ఒక సందర్భాన్ని దగ్గరగా చూడాలి: చేపను వలలోకి తీసుకునే క్షణం. 13 అడుగుల కర్రతో అలవాటైనవాడు చేప అలసి పైకి తేలగానే కర్రను వెనక్కి వాల్చి, రెండో చేత్తో చేతివల చాస్తాడు. 17 అడుగుల కర్రతో అదే చేస్తే చేప వల అంచుకు అవతలే ఆగిపోతుంది. కొస పైకి ఎంత లేస్తే దారం అంత పొడుగ్గా వేలాడుతుంది. ఇంకా వెనక్కి వాలుద్దామంటే వెనక చెట్టుకొమ్మ అడ్డం. ఇక్కడ మనిషి తొందరపడి దారం చుట్టేస్తే బెండు రింగుకు కొట్టుకుంటుంది, చేప ఒక్క తన్ను తన్ని పోతుంది. దీనికి మందు వల పిడి పొడుగ్గా ఉండటం, కర్రను నిలువుగా కాక పక్కకు వాల్చడం, చేపను వల దగ్గరికి లాగకుండా వల మీదికి తేలనివ్వడం. చెప్పడానికి ఒక్క వాక్యం. చేతికి రావడానికి ఇరవై చేపలు కావాలి. నదిలో ఏడాది మొత్తానికి ఒకేసారి తగిలే పెద్ద చేప మీద ఈ పాఠం నేర్చుకోవడం మంచిది కాదు, మనిషికీ, చేపకూ.

నిండు చెరువు ప్రతి కర్రనూ మెప్పిస్తుందన్నది మొదటి ఆక్షేపణ. ఇందులో నిజం ఉంది. బుట్ట నిండిన మనిషి కర్రను పొగుడుతాడు. అయితే ఆ పొరపాటు కొలతది. చేపల సంఖ్యతో కర్రను కొలిస్తే చెరువు మోసం చేస్తుంది. కర్ర ప్రవర్తనతో కొలిస్తే చెయ్యదు. పైగా చేప పుష్కలంగా ఉంటే మనసు ఆశ వదిలేస్తుంది. తగులుతుందా తగలదా అన్న ఆరాటం లేనప్పుడే చూపు కర్ర మీద నిలుస్తుంది. రెండో ఆక్షేపణ, పోసిన చేపను పట్టడం వేటే కాదని. దీనికి చరిత్రే జవాబు. ఇంగ్లండు కార్ప్ వేటకు పుణ్యక్షేత్రంగా చెప్పుకునే రెడ్‌మైర్ కొలను కూడా పోసిన చెరువే. 1934లో అందులో కార్ప్ పిల్లలను వదిలారు. 1952లో రిచర్డ్ వాకర్ అక్కడ 44 పౌండ్ల చేపను పట్టి జాతీయ రికార్డు నెలకొల్పాడు. ఆ చేప లండన్ జంతుప్రదర్శనశాలలో చాలా ఏళ్లు బతికింది. దాన్ని పట్టిన వెదురుబద్దల కర్ర వాకర్ తన చేతులతో తయారుచేసుకున్నదే. పోసిన నీటిలో పనిముట్టును మెరుగుపరచుకోవడం ఆ దేశపు గాలం సంప్రదాయంలో భాగమే.

మూడో ఆక్షేపణకు మాత్రం నేను తల వంచాలి. చెరువులో ప్రవాహం ఉండదు. నదిలో బెండును పారకంతో పాటు వదిలి, దారాన్ని అప్పుడప్పుడు ఎత్తి ఎగువకు వేస్తూ, బెండును సహజంగా సాగనివ్వడం పొడుగు కర్ర చేసే అతి గొప్ప పని. దాన్ని నిలవనీటిలో చూడలేం. ఇలాంటి చెరువుల్లో చాలావాటికి లోతూ ఎక్కువ ఉండదు, కాబట్టి లోతులో వచ్చే లాభాన్నీ అక్కడ తేల్చలేం. చెరువు పరీక్ష సగం పరీక్షేనని ఒప్పుకుంటాను. అయితే అది ముందు రావలసిన సగం. కర్ర బరువు, వంపు, ఊపు చేతికి వచ్చినవాడు నది దగ్గర ప్రవాహం ఒక్కదాన్నే కొత్తగా నేర్చుకుంటాడు. అవేవీ రానివాడు అన్నీ ఒకేసారి నేర్చుకోబోయి, ఏదీ నేర్చుకోకుండా ఇంటికి వస్తాడు. ఈత నేర్పేవాళ్లు పిల్లవాణ్ణి ముందు మెట్ల బావిలోకే దింపుతారు, గోదావరిలోకి తర్వాత.

అన్నిటికంటే బరువైన ఆక్షేపణ చేప తరఫున వస్తుంది. మన కర్ర గుణం తెలియడానికి ఒక ప్రాణిని నలభైసార్లు ఎందుకు హింసించాలి? దీన్ని తేలిగ్గా తీసుకునేవాడు గాలం పట్టకపోవడమే మంచిది. పొడుగు కర్రతో ఈ ప్రశ్న ఇంకా పదునెక్కుతుంది. మణికట్టు బలం మారకపోయినా, కొస దూరం పెరిగేకొద్దీ దారం మీద పడే లాగుడు తగ్గుతుంది. 17 అడుగుల కర్రతో అది 13 అడుగుల కర్రతో వచ్చేదానిలో నాలుగింట మూడు వంతులే. సన్నని దారం తెగకుండా కాపాడే గుణం ఇదే, చేపను ఎక్కువసేపు పెనుగులాడించే దోషమూ ఇదే. కాబట్టి కొత్త కర్రతో మొదటి రోజు, కర్ర మీద రాసి ఉన్న హద్దుల్లో బలమైన దారమే కట్టాలి. చేపను త్వరగా వలలోకి తియ్యాలి, తడిచేతులతోనే తాకాలి, ఎండ మండే వేళ, నీరు వేడెక్కిన వేళ పరీక్ష మానుకోవాలి. కావలసింది తెలిశాక కర్ర విప్పేయాలి. ఇరవై ఐదో చేపకే తెలిస్తే నలభై దాకా పోనక్కర్లేదు. ఈ విషయంలో బ్రిటన్ ఒక మంచి పని చేసింది. గాలానికి కట్టే చిన్న సీసపు గుండ్లు నీటి అడుగున పడిపోతే హంసలు గులకరాళ్లతో పాటు వాటినీ మింగి విషానికి చచ్చిపోయేవి. 1987లో ఆ సైజు సీసపు గుండ్ల అమ్మకాన్ని నిషేధించారు. బెండు కింద కట్టే గుండు ఇప్పుడు వేరే లోహాలతో వస్తుంది. వేట మానలేదు, పనిముట్టును మార్చుకున్నారు. పనిముట్టును శ్రద్ధగా పరీక్షించేవాడి నుంచి నేను ఆశించే బాధ్యత ఇలాంటిదే.

ఇంత పొడుగు, ఇంత ఖరీదు కర్ర ఎందుకు, మా ఊరి కాలువ గట్టున పిల్లలు వెదురుకర్రతో పట్టడం లేదా అని తెలుగు పాఠకుడు అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. ఆ వెదురుకర్రను ఒకసారి గమనించమంటాను. దానికి రీలు ఉండదు. కర్ర ఎంత పొడుగైతే బెండు అంత దూరం పోతుంది, అందుకే పిల్లలు వంచి చూసి, గుంపులో పొడుగైన వెదురునే నరుక్కుంటారు. పొడవు విలువ వాళ్లకు ఏ పుస్తకం చెప్పలేదు, తామర తూడుల అవతల ఎగిరిన చేప చెప్పింది. జీలుగు చెట్టు కాండంలోని తెల్లటి గుల్లను మనం బెండు అంటాం, గాలానికి కట్టే తేలుడు ముక్కనూ బెండే అంటాం. వస్తువు పేరే పనికి పేరైంది. ఇంగ్లండులో అదే పనిని చాలాకాలంగా నెమలి ఈక కాడ చేస్తోంది, ఉత్తర భారతంలో సర్కండా అని పిలిచే గడ్డి కాడ కూడా అక్కడ చేస్తోంది. రెండూ మన నేల మీద పుట్టినవే. కలకత్తా వెదురుతో కలిపి చూస్తే, ఆ దేశపు గాలంలో మన పొలిమేర మొక్కలకూ పక్షులకూ కొంత వాటా ఉందనిపిస్తుంది. ఖరీదు మాటకొస్తే, కర్ర ఖరీదైనకొద్దీ దాన్ని సరిగ్గా పరీక్షించవలసిన అవసరం పెరుగుతుంది. డబ్బు పోసి కొన్నదాన్ని మంచిదని నమ్మడానికి మనసు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. ఆ నమ్మకాన్ని తేల్చవలసింది నలభై వంపులు.

కాలం కూడా ఈ వరుసకే కలిసొస్తుంది. ఇంగ్లండు నదుల్లో చేపలు గుడ్లు పెట్టే కాలమని మార్చి 15 నుంచి జూన్ 15 వరకు రోచ్, బ్రీమ్ లాంటి చేపలకు గాలం వెయ్యడం నిషేధం. చాలా చెరువులకు ఈ నిషేధాన్ని 1995లో తీసేశారు. చలికాలం పోయి గట్టున గడ్డి మొలిచే ఆ మూడు నెలలూ కొత్త కర్ర పట్టినవాడికి తెరిచి ఉండేవి చెరువులే. ఏప్రిల్లోనో మేలోనో ఒక చల్లని ఉదయం తెలిసిన చెరువుకు పోండి, కరెంటు తీగలు లేని వేదిక చూసుకోండి, పొడుగు పిడి వల తీసుకెళ్లండి. నదుల మీద వేట జూన్ 16న మొదలవుతుంది.